మోంటెకాటినీ: నీళ్ళు తాగడానికి కట్టిన ఊరు

ఇటలీ అనగానే మనవాళ్ళు వేసుకునే ప్లాను దాదాపు ఒకటే. రోములో రెండు రోజులు, ఫ్లోరెన్సులో ఒక రోజు, వాలిన గోపురం పక్కన ఫొటో కోసం పీసాలో రెండు గంటలు, ఆఖర్న వెనిస్. మోంటెకాటినీ టెర్మె అన్న పేరు మాత్రం టూరు కాగితాల్లో "రాత్రి బస" అన్న చోటే కనిపిస్తుంది. ఫ్లోరెన్సులో కన్నా హోటళ్ళు చవక కాబట్టి, బస్సులవాళ్ళు జనాన్ని చీకటి పడ్డాక అక్కడ దింపి, తెల్లారగానే మళ్ళీ ఎక్కించుకుపోతారు. మేము అమ్మానాన్నలతో అక్కడ మూడు రాత్రులు ఉన్నాం. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఈ ఊరికి కనీసం ఒక పూర్తి పగలు కేటాయించమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కింది ఊరు

ఇది టస్కనీలో, పిస్తోయా జిల్లాలో ఉంది. భూమి లోతుల్లోకి ఇంకిన వాన నీరు రాళ్ళలోని లవణాలను కరిగించుకుని ఇక్కడ ఊటలుగా పైకి వస్తుంది. చాలా స్పా ఊళ్ళలో నీళ్ళలో మునగడం ముఖ్యమైతే, ఇక్కడ తాగడం ముఖ్యం. పరగడుపున గ్లాసుతో నీళ్ళు పట్టుకుని, చెట్ల కింద మెల్లగా నడుస్తూ తాగాలి. కాలేయానికీ జీర్ణకోశానికీ మంచిదని పేరు. విరేచనకారి కూడా కనుక మోతాదు డాక్టర్లు చెప్పేవారు. మన ప్రకృతి చికిత్సాలయాల్లో ఉండి వచ్చినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఈ ఊటల గురించి ఉగోలీనో అనే ఇక్కడి వైద్యుడు 15వ శతాబ్దం తొలినాళ్ళలోనే రాశాడు. అయితే ఊరికి ఒక రూపం వచ్చింది 18వ శతాబ్దం రెండో సగంలో. టస్కనీ పాలకుడు పియెత్రో లియోపోల్దో చుట్టూ ఉన్న చిత్తడి నేలల నీళ్ళు తోడించి స్నానశాలలు కట్టించాడు. తర్వాత యూరప్‌లోని గొప్పవాళ్ళంతా వరస కట్టారు. సంగీతకారుడు వెర్డి ఏటా వేసవికి వచ్చేవాడు. ఫ్యాషన్ ప్రపంచాన్ని ఏలిన క్రిస్టియన్ డియోర్ 1957లో ఇక్కడే గుండెపోటుతో చనిపోయాడు.

చూడవలసిన కట్టడం టెట్టూచియో. ఒకప్పుడు ఊట మీద ఉన్న చిన్న కప్పు వల్ల ఆ పేరు. ఇప్పుడున్నది ఉగో జొవనొజ్జి అనే ఆర్కిటెక్టు 1920లలో తీర్చిదిద్దిన రాతి స్తంభాల మందిరం. నీళ్ళు పట్టే చోట బాజిలియో కాస్చెల్లా చేసిన పింగాణీ పలకల చిత్రాలున్నాయి. బాల్యం నుంచి వార్ధక్యం దాకా మనిషి జీవిత దశలు వాటిలో కనిపిస్తాయి. అమ్మ ఒక గుక్క తాగి, "ఉప్పు ఎక్కువైన మజ్జిగ తేటలా ఉందిరా" అని గ్లాసు నాకిచ్చేసింది. బి.పి., కిడ్నీ సమస్యలున్నవాళ్ళు డాక్టరును అడగకుండా తాగకపోవడం మంచిది.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం నీళ్ళు కాదు. జర్మనీలో ఎం.ఎస్. చదివే రోజుల్లో ఒక రైలు పాసు మీద ఐదు రోజుల్లో ఆరు ఊళ్ళు చుట్టినవాణ్ణి నేను. అదే పద్ధతిలో నాన్నని తిప్పితే ప్రతి చోటా "మీరు వెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుంటా" అనేవారు. మోకాళ్ళ నొప్పులు. మోంటెకాటినీని ఒంట్లో బాగోలేనివాళ్ళ కోసమే కట్టారు. పార్కులో బాటలు చదును, ఎక్కడ చూసినా నీడ, అడుగడుగునా బెంచీలు. మొదటి రోజు సాయంత్రం ఆయన మా అందరికన్నా ముందు నడిచారు.

పై ఊరు

కొండ మీద, సుమారు 290 మీటర్ల ఎత్తున, మోంటెకాటినీ ఆల్తో అనే పాత ఊరుంది. పైకి వెళ్ళడానికి 1898 నుంచి ఫ్యునిక్యులర్ నడుస్తోంది. జీజో, జీజా అని రెండు ఎర్రటి పెట్టెలు. రెండింటినీ ఒకే తీగకు కట్టారు. ఒకటి దిగుతుంటే దాని బరువు రెండోదాన్ని పైకి లాగడానికి సాయపడుతుంది. పట్టాలు ఒకే వరస, సరిగ్గా మధ్యలో మాత్రం రెండుగా చీలి, పెట్టెలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మొదట్లో ఆవిరితో నడిచేది, తర్వాత కరెంటుకి మార్చారు. ప్రయాణం పది నిమిషాలు. ఇంజనీర్లకి టికెట్టు డబ్బులు ఇక్కడే గిట్టుబాటు.

ఇప్పుడింత ప్రశాంతంగా ఉన్న ఈ ప్రాంతంలో 1315 ఆగస్టులో పెద్ద యుద్ధం జరిగింది. ఉగుచ్చోనె దెల్లా ఫజ్జోలా నాయకత్వంలో పీసా సైన్యం ఫ్లోరెన్సును చిత్తుగా ఓడించింది. 1554లో కోజిమో మెదిచి కోటను కూలగొట్టించాడు. మిగిలినవి కొన్ని బురుజులు, సాన్ పియెత్రో చర్చి, రాళ్ళు పరిచిన సందులు. కవి జుస్తి పేరున్న చౌకులో కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. కాస్త పక్కకి నడిస్తే కింద లోయంతా కనిపిస్తుంది. సందుల్లో ఎత్తుపల్లాలున్నాయి కనుక పెద్దవాళ్ళకి చౌకు దాకా చాలు.

వెళ్ళేవారికి

ఫ్లోరెన్సు నుంచి లుక్కా వైపు వెళ్ళే రీజనల్ రైలులో సుమారు గంట. కాగితం టికెట్టయితే ఎక్కే ముందు స్టేషన్లోని మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. లుక్కా ఇక్కడికి అరగంట దూరమే. శాకాహారులకి పాస్తా, పిజ్జా కాక టమాటాతో వండిన చిక్కుడు గింజలు దొరుకుతాయి. సూపుల్లో మాంసం ఉందేమో అడిగి చెప్పించుకోండి. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, కాబట్టి ఆవకాయ సీసా అక్కరకొస్తుంది. బాదం, పంచదార కూరిన పల్చటి చాల్దె బిళ్ళలు ఈ ఊరి ప్రత్యేకం. ఇంటికి తెచ్చుకోవడానికి బాగుంటాయి. చలికాలంలో ఫ్యునిక్యులర్ ఆగిపోతుంది కనుక మే, జూన్, సెప్టెంబరు నెలలు మేలు.

ఒక్క సంగతి ముందే తెలుసుకుని వెళ్ళండి. మందులు పెరిగి, ప్రభుత్వ ఖర్చు మీద స్పాకి వచ్చే రోగులు తగ్గాక ఊరి ఆదాయం పడిపోయింది. 2021లో యునెస్కో ఏడు దేశాల్లోని పదకొండు స్పా ఊళ్ళను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, ఇటలీ నుంచి ఎంపికైనది ఇదొక్కటే. అయినా కొన్ని పాత స్నానశాలలు ఏళ్ళ తరబడి మూసే ఉన్నాయి. టెట్టూచియో వేళలు కూడా మారుతుంటాయి, బయలుదేరే ముందు చూసుకోండి. రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్ళిపోయే బస్సుల వల్ల హోటలుకి తప్ప ఊరికి వచ్చేదేమీ లేదు. పగలు ఉండి, అక్కడే భోంచేసి, పార్కులో నడిచి, కొండెక్కే మనుషులు ఆ ఊరికి కావాలి. నిదానంగా నడిచే ఊరు మన అమ్మానాన్నలకీ కావాలి.