ఎక్స్‌రే నుంచి టేపు దాకా



మన మారికుప్పం సంఘం సభ్యుల కోసం ఈసారి చక్కెర జబ్బు గురించి రాస్తున్నాను. నేను చదివిన తమిళ బళ్ళో దాన్ని సక్కరై అన్నారు, ఇంట్లో తెలుగులో చక్కెర అన్నారు, కన్నడం వాళ్ళు సక్కరె అంటారు. జబ్బుకు భాష లేదు. కానీ మన ఊళ్ళో దానికొక చరిత్ర ఉంది.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. 1894లో బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారుపేట నుంచి రైలు వచ్చింది. ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి మన పెద్దలు చాలామంది వచ్చారు. చిత్తూరు ప్రాంతం కూడా 1911 దాకా అందులోదే. చాంపియన్ రీఫ్ గని చివరికి రెండు మైళ్ళ లోతుకు పోయింది. ఆ వేడిలో డ్రిల్లు పట్టినవాడికి పొద్దున తిన్న ముద్ద షిఫ్టు అయ్యేలోగా కరిగిపోయేది.

వాళ్ళ భయం రాతిదుమ్ము. 1940లో మైసూరు సంస్థానం సిలికోసిస్ నిబంధనలు తెచ్చింది. ఆ దశాబ్దంలో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి 43.7 మందికి ఆ జబ్బు బయటపడింది. ఆయాసం రాకముందే ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మచ్చలు కనిపిస్తాయి. మనిషి బాగున్నట్టు కనిపించినా ముందే చూడాలి అనేది మన ఊరు అప్పుడే నేర్చుకున్న పాఠం.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మన పిల్లలు తెల్లవారకముందే బెంగళూరు బండి ఎక్కడం మొదలుపెట్టారు. నేను కౌంటరులో కూర్చుని వాళ్ళకు సీజన్ టికెట్లు ఇచ్చాను. బండిలో కూర్చుంటారు, ఆఫీసులో కూర్చుంటారు, మళ్ళీ బండిలో కూర్చుని రాత్రికి ఇల్లు చేరి అన్నం తింటారు. తాత చేసిన శ్రమ మనవడికి లేదు, తిండి మాత్రం తగ్గలేదు. దేశమంతటా ఇదే కథ. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది.

దీన్ని ముందే పసిగట్టడానికి ఎక్స్‌రే అక్కర్లేదు. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ఒక మార్కుల పట్టీ ఇచ్చింది. నాలుగే ప్రశ్నలు, మొత్తం 100 మార్కులు.

వయసు: 35 లోపు 0, 35 నుంచి 49 దాకా 20, ఆపైన 30.
నడుము: మగవాళ్ళకు 90 సెంటీమీటర్ల లోపు 0, 90 నుంచి 99 దాకా 10, ఆపైన 20. ఆడవాళ్ళకు 80 లోపు 0, 80 నుంచి 89 దాకా 10, ఆపైన 20.
శ్రమ: ఒంటి కష్టం, వ్యాయామం రెండూ ఉంటే 0, రెండూ లేకపోతే 30, కొంత ఉంటే ఆ మధ్యన.
తల్లిదండ్రుల్లో షుగరు: ఎవరికీ లేకపోతే 0, ఒకరికుంటే 10, ఇద్దరికీ ఉంటే 20.

60 దాటినా, సరిగ్గా 60 వచ్చినా ప్రమాదం ఎక్కువని అర్థం. జబ్బు వచ్చేసిందని కాదు, పరగడుపున రక్తపరీక్ష చేయించుకోవాలని.

మనలో ఒకరి లెక్క చూద్దాం. వయసు 55, నడుము 95, వ్యాయామం లేదు, అమ్మకు షుగరు. 30, 10, 30, 10, మొత్తం 80. వయసునూ అమ్మనూ మార్చలేం, ఆ 40 అట్లే ఉంటాయి. మిగతా 40 మన చేతిలోనివే.

నిజంగా తగ్గుతుందా అని అడిగేవాళ్ళుంటారు. షుగరు అంచున ఉన్న 531 మందిని చెన్నై డాక్టర్లు సుమారు మూడేళ్ళు గమనించి 2006లో ఫలితం చెప్పారు. మామూలు సలహా మాత్రమే విన్నవాళ్ళలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. నడక, తిండి మార్చుకున్నవాళ్ళలో 39 మందికే వచ్చింది.

రాగిముద్ద తింటే షుగరు రాదని మనవాళ్ళు ధీమాగా ఉంటారు. ముద్ద మంచిదే, కానీ అదీ పిండే. రెండు ముద్దలు గని పనికి సరిపోయిన కొలత, కుర్చీ పనికి కాదు. ఒక ముద్ద తగ్గించి ఆకుకూర, పప్పు పెంచండి.

అప్పుడు పరీక్షలు పెట్టించడానికి కంపెనీ ఉండేది. ఇప్పుడు కంపెనీ లేదు, మనకు మనమే. వచ్చే సంఘం మీటింగుకు ఎవరైనా ఒక దర్జీ టేపు తీసుకురండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, పొట్ట బిగబట్టకుండా కొలవాలి. చందా పుస్తకంలో ఒక్కో పేరు పక్కన మార్కులు రాసుకుందాం, 60 వచ్చినవాళ్ళను రక్తపరీక్షకు మనమే వెంటబెట్టుకుని పోదాం. ఆడవాళ్ళనూ పిలవండి, వాళ్ళు రాని మీటింగులో సగం ఊరి లెక్క మిగిలిపోతుంది.