పుట్టుకనే నేరం చేసిన చట్టం

కర్ణాటకలో కొరచ, కొరమ. తమిళనాట కురవర్. ఆంధ్రలో ఎరుకల. ఒకే మూలం నుంచి విడిన జనమని జాతుల చరిత్ర రాసినవారు చెప్పారు. ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో బళ్ళారి వైపు, కృష్ణగిరి వైపు, రాయలసీమలోనూ శాఖలు తిరిగినవాణ్ణి కనుక ఈ పేర్లన్నీ అప్పు దరఖాస్తుల మీద చూశాను. ఇంట్లో వారు మాట్లాడుకునే భాష తమిళానికి దగ్గర, సంతలో మాత్రం తెలుగో కన్నడమో. రాష్ట్రం మారితే పేరు మారేది గానీ, వారి వెనకాల వినిపించే మాట ఒక్కటే: "ఆ గూడెం వాళ్ళా? జాగ్రత్త!" ఈ మాట ఎప్పుడు పుట్టిందో వెతుక్కుంటూ పోతే, కామర్సు చదువుకున్న నేను నేరశాస్త్రం పుస్తకాలు తిరగేయవలసి వచ్చింది. అందులో నాకు అర్థమైనంత మేరకు ఈ పత్రిక పాఠకులతో పంచుకుంటున్నాను.

ముందుగా నేరమంటే ఏమిటో చూద్దాం. చట్టం లెక్కలో నేరానికి రెండు కాళ్ళు: ఒకటి చేసిన పని, రెండోది ఆ పని వెనక ఉన్న మనసు. పెళ్ళింట్లో మన గొడుగనుకొని పక్కవారి గొడుగు తెచ్చుకుంటే అది దొంగతనం కాదు. వారిదని తెలిసి, కాజేద్దామనే బుద్ధితో తీస్తేనే దొంగతనం. మెకాలే ఆధ్వర్యంలో 1837లో ముసాయిదా తయారై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి దొంగతనాన్ని 378వ సెక్షనులో సరిగ్గా ఇలాగే నిర్వచించింది. ఏడేళ్ళలోపు పిల్లవాడు చేసింది నేరం కాదని 82వ సెక్షను చెప్పింది, ఎందుకంటే ఆ వయసులో రెండో కాలు ఇంకా మొలవదు. 511 సెక్షన్ల ఆ స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంకెలు మారాయి గానీ ఈ రెండు కాళ్ళు మారలేదు. దొంగతనం ఇప్పుడు 303, పసివాడి సెక్షను 20.

ఈ ఆలోచనకు తాత ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన బెకారియా. 1764లో, ముప్ఫై ఏళ్ళయినా నిండకముందు, నేరాలూ శిక్షలూ అనే చిన్న పుస్తకం రాశాడు. చట్టం అందరికీ ముందుగా తెలిసి ఉండాలి, శిక్ష జరిగిన హానికి తగినంతే ఉండాలి, శిక్ష ఎంత కఠినం అన్నదానికన్నా తప్పక పడుతుందా అన్నది ముఖ్యం అన్నాడు. మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకుని నడుస్తాడన్నది ఆయన నమ్మకం. మా బ్యాంకువాళ్ళకు నచ్చే సిద్ధాంతం! ఇంగ్లండులో బెంథాం ఆ దారినే నడిచాడు, మెకాలే స్మృతిలో బెంథాం నీడ స్పష్టంగా కనిపిస్తుంది. వీరందరి దృష్టిలో దోషి అంటే ఒక వ్యక్తి, అంతేగానీ వంశమో ఊరో కాదు. ముఠాలను పట్టడానికి కూడా శిక్షాస్మృతిలో వేరే సెక్షన్లు ఉండేవి. 400, 401 సెక్షన్ల కింద ముఠాలో ఫలానా మనిషి ఉన్నాడని రుజువు చేస్తే శిక్ష వేసే వీలుండేది. అయితే ఆ రుజువు చేయవలసి ఉండేది.

ఇక్కడ తారీఖులు జాగ్రత్తగా చూడాలి. శిక్షాస్మృతి వచ్చిన పదకొండేళ్ళకు, 1871 అక్టోబరు 12న అదే ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. ఒక తెగ గానీ, ముఠా గానీ, జనవర్గం గానీ బెయిలివ్వని నేరాలకు అలవాటు పడిందని ప్రభుత్వం నోటిఫికేషను ఇస్తే చాలు. ఆ కులంవారి పేర్లు రిజిస్టరుకెక్కుతాయి. ఊరు దాటాలంటే పాసు కావాలి. ఆ నోటిఫికేషను సరైనదా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించరాదని చట్టంలోనే రాసిపెట్టారు. చేసిన పనీ అక్కర్లేదు, మనసూ అక్కర్లేదు, పుట్టుక ఒక్కటీ చాలు. వడ్రంగం, నేత కులవృత్తులైనట్టే దొంగతనం కూడా ఈ దేశంలో కులవృత్తి అన్నది ఆనాటి పాలకుల వాదన. 1857 తర్వాత వారికి తిరుగాడే జనమంటేనే గుబులు. ఒకచోట కుదురుగా ఉండనివాణ్ణి లెక్కలో ఎక్కడ రాయాలో తెలియదు కదా.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి. ఈ చట్టం వచ్చినప్పుడు వైస్రాయి కౌన్సిలులో లా మెంబరు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. మరుసటి సంవత్సరం, 1872లో, ఆయనే సాక్ష్య చట్టాన్ని తయారుచేశాడు. అందులో 54వ సెక్షను ఏమన్నదంటే, ముద్దాయికి చెడ్డపేరు ఉందన్నది కేసుకు సంబంధం లేని విషయం, అతను తన మంచితనాన్ని తానే సాక్ష్యంగా తెస్తే తప్ప. ఒక మనిషి చెడ్డపేరు కోర్టు గుమ్మం తొక్కకూడదట. మొత్తం జాతి చెడ్డపేరు మాత్రం నేరుగా గెజిటుకెక్కవచ్చునట. ఒకే ఆఫీసు నుంచి, ఒక్క ఏడాది తేడాతో, ఈ రెండూ వెలువడ్డాయి.

పుట్టు నేరస్థుడు అనగానే నేరశాస్త్రం చదివినవారికి లాంబ్రోజో గుర్తుకొస్తాడు. ఇటలీ వైద్యుడు. ఖైదీల పుర్రెలు, దవడలు, చెవులు, చేతుల పొడవు కొలిచి, కొందరు పుట్టుకతోనే నేరస్థులనీ, ఆదిమ మానవుడి లక్షణాలు వారిలో తిరిగి తలెత్తాయనీ తేల్చాడు. ఆయన పుస్తకం వచ్చింది 1876లో. అంటే మన దేశంలో చట్టం వచ్చిన ఐదేళ్ళకు! శాస్త్రం ముందు పుట్టి చట్టం దాన్ని అనుసరించిందని మనం అనుకుంటాం. ఇక్కడ అధికారుల భయం ముందు వచ్చింది, శాస్త్రం తర్వాత వచ్చి దానికి కొమ్ము కాసింది. 1913లో ఇంగ్లండు జైలు వైద్యుడు గోరింగ్ దాదాపు మూడువేలమంది ఖైదీలను కొలిచి, నేరస్థులకంటూ ప్రత్యేకమైన శరీర లక్షణాలేవీ లేవని చూపించాడు. బుద్ధిమాంద్యం వంశపారంపర్యమన్న నమ్మకం ఆయనకూ ఉండేది, అది వేరే సంగతి. కానీ కొలబద్ద మాత్రం విరిగింది. ఆ వార్త మద్రాసు రాజధాని పోలీసు కచ్చేరీలకు చేరినట్టు లేదు.

ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే మన ప్రాంతంలో ఈ చట్టం కాలూనింది. దాని 1911 నాటి కొత్త రూపం మద్రాసు రాజధానికీ వర్తించింది. వేలిముద్రలు, హాజరు, సెటిల్మెంట్లు వచ్చాయి. వేలిముద్ర ఏ ఇద్దరికీ ఒకటి కాదు, మనిషిని మనిషి నుంచి విడదీసి గుర్తించడానికే దాన్ని కనిపెట్టారు. దాన్ని ఒక కులం మొత్తాన్ని ఒకే గాటన కట్టడానికి వాడుకున్నారు. మదురై జిల్లా పెరుంగామనల్లూరులో పిరమలై కళ్ళర్లు వేలిముద్రలు వేయబోమని అడ్డం తిరిగితే 1920 ఏప్రిల్ 3న పోలీసులు కాల్పులు జరిపారు. తమిళనాట ఉన్న మనవారికి ఈ కథ తెలిసే ఉంటుంది.

ఎరుకలవారి సంగతికి వస్తే, నేను లెక్కల మనిషిని గనుక వారి జమాఖర్చులు చూశాను. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల అని వారిలో శాఖలున్నాయి. ఈ పేర్లు ఒక్కసారి చదవండి. కోస్తాలో ఉప్పు ఎత్తి, ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని, లోపలి ఊళ్ళకు తీసుకుపోయి, ధాన్యం మార్చుకొచ్చేవారు ఒకరు. కరివేపాకు అమ్మేవారు ఒకరు. వెదురు దబ్బలతో బుట్టలల్లేవారు, సాలెవారి మగ్గానికి కుంచెలు కట్టేవారు మరికొందరు. ప్రతి పేరులోనూ ఒక సరుకుంది. దొంగతనం ఒక్కదానిలోనూ లేదు. మద్రాసు ప్రభుత్వం 1805లో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. 1856 నుంచి రైళ్ళు వచ్చాయి. గాడిద మోసే ఉప్పు ఎంత, వ్యాగను మోసే ఉప్పు ఎంత? 1876-78 కరువులో మార్చుకోవడానికి ధాన్యమే లేకపోయింది. 1882 అడవి చట్టంతో వెదురుకూ మేతకూ కంచె పడింది. ముప్ఫై ఏళ్ళలో ఒక వ్యాపారవర్గం పెట్టుబడి, రవాణా, సరుకు, మార్కెటు అన్నీ పోగొట్టుకుంది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో ఇంగ్లీషులో వెలువరించిన పుస్తకంలో ఈ పతనాన్ని వివరంగా రాశారు. దివాలా తీసిన వ్యాపారికి మేము ఖాతా మూసేస్తాం. వీరికి ప్రభుత్వం రిజిస్టరు తెరిచింది.

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం 1913-14 ప్రాంతంలో అలా ఏర్పడింది. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు ఊరికి పెట్టారు, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఆ సంస్థను ఇండియాకు తెచ్చిన బూత్ టక్కర్ ఒకప్పుడు ఐ.సి.ఎస్. అధికారి. నేరస్థ జాతులను జబ్బుపడ్డవారిగా చూసి నయం చేయవచ్చునని ఒక పుస్తకమే రాశాడు. ఉరి కన్నా మందు నయమే, ఒప్పుకుంటాను. కానీ జబ్బు రక్తంలో ఉందన్న మాటను ఆయనా వదల్లేదు. పైగా 1924 చట్టం ప్రకారం ఈ జాతులలో పుట్టినవాడికి కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గకుండా జైలు, మూడోసారి అయితే యావజ్జీవ ప్రవాసం. పక్కింటి వేరే కులంవాడు అదే దొంగతనం మూడుసార్లు చేసినా ఈ లెక్క వర్తించదు.

ఇరవయ్యో శతాబ్దంలో నేరశాస్త్రం పుర్రెలను వదిలి సమాజం వైపు చూసింది. 1938లో అమెరికాలో మెర్టన్ అన్నాడు: అందరికీ ఒకే ఐశ్వర్యాన్ని ఆశ చూపి, దాన్ని అందుకునే దారులు కొందరికే తెరిస్తే, మిగిలినవారిలో కొందరు అడ్డదారి తొక్కుతారని. ఉప్పు ఎరుకలవారి కథకు ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు. అదే సంవత్సరం టానెన్‌బామ్ అనే ఆయన, పిల్లవాణ్ణి దొంగ దొంగ అని ముద్ర వేస్తూ పోతే ఆ ముద్రే అతన్ని దొంగను చేస్తుందని రాశాడు.

నాకు మాత్రం అందరికన్నా సదర్లాండ్ ఇష్టం. నేరం రక్తంలో రాదు, దగ్గరివారి సహవాసంలో, మెళకువలతో పాటు సమర్థింపులతో పాటు నేర్చుకునేది అన్నాడాయన. 1939లో తెల్లచొక్కా నేరం అన్న మాటను లోకానికిచ్చాడు. 1949లో వచ్చిన పుస్తకంలో అమెరికాలోని 70 పెద్ద కంపెనీలను పరిశీలించి, కోర్టులూ ప్రభుత్వ సంఘాలూ వాటికి వ్యతిరేకంగా ఇచ్చిన 980 నిర్ణయాలను లెక్క తేల్చాడు. ప్రచురణకర్తలు భయపడి కంపెనీల పేర్లు తీసేయించారు. పూర్తి పాఠం 1983 దాకా వెలుగు చూడలేదు. మన దేశంలో 1992 షేర్ల కుంభకోణంలో, వెనక సెక్యూరిటీలు లేని బ్యాంకు రసీదుల మీద నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా చేతులు మారాయి. కేసులు నడిచాయి, ఎవరి నేరం ఎంతో విడివిడిగా విచారించారు. అలాగే విచారించాలి. షేరు దళాలుల వీధినంతటినీ నేరస్థ జాతిగా ప్రకటించి, రాత్రిపూట హాజరు వేయమని ఎవరూ అనలేదు కదా!

1947లో మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని రద్దుచేసింది. 1949లో కేంద్రం వేసిన విచారణ సంఘానికి అధ్యక్షులు మాడభూషి అనంతశయనం అయ్యంగారు, తర్వాత లోక్‌సభ స్పీకరు అయినవారు. ఆయనది తిరుచానూరు. పద్మావతమ్మ ఊరు. ఆ తల్లి పెళ్ళి కుదర్చడానికి శ్రీనివాసుడే ఎరుకలసానిగా వచ్చాడని మన పెద్దలు చెప్పుకునే కథ. దేవుడు ఆ వేషం కట్టిన జనాన్ని గెజిటు నుంచి తప్పించమని ఆ ఊరివాడే సిఫారసు చేశాడు. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం పోయింది. అయితే మద్రాసు 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది, ఆంధ్ర, కర్ణాటక తర్వాత చేసుకున్నాయి. కాగితం మీద అవి పుట్టుకను చూడవు, వ్యక్తినే చూస్తాయి. పోలీసు పాత రిజిస్టరు మాత్రం అంత త్వరగా కళ్ళు మార్చుకోదు.

జనం కళ్ళూ అంతే. స్టూవర్టుపురం అనే పేరు తెలుగులో తిట్టయింది, 1991లో సినిమా పేరూ అయింది. అక్కడ సంస్కరణ కోసం పాటుపడిన హేమలతా లవణం, అంటే మన జాషువా కవి కూతురు, పేరు తెలిసినవారు ఆ సినిమా చూసినవారిలో ఎందరుంటారు? పాతికేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక శాఖలో, రెండు గేదెలకు అప్పు అడిగిన కుర్రవాడి దరఖాస్తు పైఅధికారి బల్ల మీద ఆగిపోయింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. చిరునామా చూసి, నిబంధనల్లో లేని రెండో హామీదారుణ్ణి తెమ్మన్నారు. ఆ కుర్రవాడు కారణం అడగలేదు. అతనికి తెలుసు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడాన్నీ, విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలనూ కొట్టివేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. 1871 నుంచి లెక్కిస్తే నూట యాభైమూడేళ్ళు.

ఇక మనబోటి సరిహద్దువాసులకు మాత్రమే కనిపించే చిక్కు ఒకటుంది. ఎరుకలవారు ఆంధ్రలో షెడ్యూల్డు తెగ. కర్ణాటకలో కొరచ, కొరమ షెడ్యూల్డు కులాలు. తమిళనాట కురవర్లలో అనేక శాఖలు విముక్త వర్గాల జాబితాలో ఉన్నాయి. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా వలసపోయినవారి వెంట మరో రాష్ట్రానికి రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. గుంతకల్లు పిల్లను బళ్ళారి కుర్రవాడికి ఇస్తారు. మధ్య దూరం యాభై కిలోమీటర్ల చిల్లర. పిల్ల ధృవపత్రం ఒక జాబితాలో, పెనిమిటిది మరో జాబితాలో. పుట్టుకతో నేరం అంటగట్టిన రోజుల్లో సరిహద్దు అడ్డం రాలేదు, 1911 చట్టం బ్రిటిషిండియా అంతటికీ ఒక్కటే. ఆ తల్లి తెచ్చిన కాగితం మా కౌంటరు దగ్గర చెల్లదని చెప్పవలసి వచ్చినప్పుడు, ఏ మండలాఫీసుకు పంపాలో నాకిప్పటికీ వెంటనే తోచదు.