901 డాలర్ల జీపు

సొంత పడవ ఉన్నవాళ్ళు పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కోసం ఎందుకంత వెతుకుతారో, ఆ పడవని నీళ్ళలోంచి బయటికి లాగేటప్పుడు చూస్తే గానీ అర్థం కాదు. రోడ్డు మీద ట్రైలర్‌ని లాగడం పెద్ద పనేం కాదు. ఓ మాదిరి కారు కూడా చిన్న పడవని లాక్కుపోతుంది. చిక్కంతా రేవు దగ్గరే. పడవని దించే ఏటవాలు కాంక్రీటు గట్టు మీద ఎప్పుడూ తడి, నాచు. పడవ బరువు బండిని కిందికి గుంజుతుంటుంది. ముందు చక్రాలతో నడిచే కారైతే బరువు వెనక్కి పోయి, ఆ ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. వెనక చక్రాలతో నడిచేదైతే సరిగ్గా ఆ చక్రాలే నాచు మీద ఉంటాయి. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతూ, మెల్లగా గట్టిగా లాగే లో-రేంజ్ గేరు కూడా ఉంటే బయటపడొచ్చు. వారం వారం ఉప్పునీళ్ళ అంచుదాకా దించితే ఏ బండికైనా అడుగున తుప్పు పట్టక మానదు. అందుకని కొత్తది కొనడానికి ఎవరికీ మనసొప్పదు. చవగ్గా, పాతదైనా, నాలుగు చక్రాలూ తిరిగేది దొరికితే చాలు.

ఇలాంటి బండి మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది రెండో ప్రపంచయుద్ధం ముగిశాకే. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ఆగేసరికి ప్రపంచంలో సగం దేశాల్లో అవి చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అమెరికా ప్రభుత్వం మిగిలిన సరుకుని అమ్మకానికి పెట్టింది. పెట్టెలో ప్యాక్ చేసిన కొత్త జీపు యాభై డాలర్లకే వస్తుందన్న పుకారు అక్కడ కొన్ని దశాబ్దాలపాటు నడిచింది. అలా కొన్నవాడెవడో తమకి తెలిసినవాళ్ళకి తెలుసు అనేవాళ్ళే అందరూనూ. బ్రిటన్‌లో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ యాంగిల్సీ ద్వీపంలోని తన పొలంలో ఒక పాత సైనిక జీపు వాడేవాడు. అది పాడైతే దాని స్థానంలో ఏం కొనాలన్న ఆలోచనలోంచే 1948లో లాండ్ రోవర్ వచ్చింది.

వాడేసిన జీపుల కథ మన దగ్గరా ఉంది. అదే 1948లో లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణ మీనన్, సైన్యం కోసం బాగుచేసిన పాత జీపులు కొనడానికి ఒక విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. విలువ సుమారు 80 లక్షల రూపాయలు. వచ్చినవి 155. వచ్చినవాటిని సైన్యం పనికిరావంది. పార్లమెంటులో పెద్ద గొడవైంది. 1955లో ప్రభుత్వం ఆ ఫైలు మూసేసింది, మరుసటేడు మీనన్ మంత్రయ్యాడు. స్వతంత్ర భారతదేశపు మొదటి కుంభకోణంగా దీన్ని చెప్పుకుంటారు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఒకసారి నడిపి చూడమని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మాట ఒక దేశానికీ వర్తిస్తుందన్నమాట.

నేను చెప్పదలచుకున్న జీపు మాత్రం వేరే. దానికి పడవ లాగే అవసరం లేదు, ఎందుకంటే అదే పడవ.

1946 మార్చిలో ఖరగ్‌పూర్ పక్కన కలైకుండా వైమానిక స్థావరంలో ఒక ఆస్ట్రేలియన్ ఇంజనీరు, అమెరికన్లు వదిలేసిన సామాన్ల మధ్య ఒక వింత బండిని చూశాడు. (ఖరగ్‌పూర్ అంటే రైల్వే పుణ్యమా అని తెలుగువాళ్ళు బాగా స్థిరపడ్డ ఊరే.) ఆయన పేరు బెన్ కార్లిన్. 1912లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్తమ్‌లో పుట్టాడు. చదివింది గనుల ఇంజనీరింగు. యుద్ధంలో భారత సైన్యపు ఇంజనీర్ల దళంలో చేరి మేజరయ్యాడు. ఆ బండిని కాస్త బాగుచేసుకుంటే దీంట్లో ప్రపంచం చుట్టిరావచ్చని పక్కనున్న స్నేహితుడితో అన్నాడు. స్నేహితుడు నవ్వేశాడు. నవ్వకుండా ఎలా ఉంటాడు?

ఆ బండి ఫోర్డ్ జీపీఏ. మామూలు జీపు ఇంజనునీ చక్రాలనీ తీసుకుని, చుట్టూ ఉక్కురేకుతో పడవ ఆకారం తొడిగి, వెనక ఒక ప్రొపెల్లర్ పెట్టారు. ఆకారం గీసింది స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ అనే పడవల డిజైన్ సంస్థ, అంటే ఆషామాషీ వాళ్ళు కాదు. కానీ సైన్యం తొందరపెట్టింది. బండి సుమారు 1,200 కిలోలు ఉండాలని మొదట అనుకున్నారు. తయారయ్యాక తూస్తే దాదాపు 1,600 కిలోలు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళకి ఈ రకం లెక్క కొత్తేం కాదు. చిత్రమేమిటంటే, బరువు పెరిగినంత మేరకు పడవ సైజు పెంచలేదు. దాంతో బండి నీళ్ళలో బాగా లోతుకి దిగిపోయేది, అంచు నీటికి కాస్త పైనే ఉండేది. ప్రశాంతమైన ఏరు దాటడానికి పరవాలేదు, అల వస్తే లోపలికే. సైనికులు దానికి పెట్టిన ముద్దుపేరు ‘సీప్’, సముద్రపు జీపు అని. ఇంగ్లీషులో ఆ మాటకి నీళ్ళు ఊరడం అన్న అర్థం కూడా ఉంది. 12,778 తయారుచేసి 1943లో ఆపేశారు. వాటిలో చాలా భాగం రష్యాకి పోయాయి. అక్కడివాళ్ళకి నచ్చి, యుద్ధం తర్వాత వాళ్ళే ఒక నకలు చేసుకున్నారు.

యుద్ధం తర్వాత కార్లిన్ అమెరికా వెళ్ళి ప్రభుత్వ వేలంలో ఒక జీపీఏని 901 డాలర్లకి కొన్నాడు. దీని గురించి రాసేవాళ్ళంతా కారుచవకగా దొరికిందన్నట్టే రాస్తారు. నాకలా అనిపించదు. 1945లో విల్లీస్ కంపెనీ పౌరుల కోసం తెచ్చిన సరికొత్త జీపు ధర 1,090 డాలర్లు. అంటే సైన్యమే విఫలమైందని పక్కన పెట్టేసిన మోడల్‌ని, వాడేసినదాన్ని, కొత్త జీపుకి దాదాపు రెండువందలు తక్కువ పెట్టి కొన్నాడు. ఆ డబ్బుకి పాత తెరచాప పడవ చూసుకున్నా సముద్రం దాటడం ఎన్నో రెట్లు తేలికయ్యేది. ఆయనకి కావాల్సింది సముద్రం దాటడం కాదు, ఆ బండితో దాటడం. సెకండ్ హ్యాండ్ బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళలో ఈ గుణం నేను చాలాసార్లు చూశాను.

ఆ తర్వాత అసలు పని మొదలైంది. ముందుభాగం పొడిగించి పడవ ముక్కులా చేశాడు. పైన ఒక గదిలాంటి కప్పు కట్టాడు. పొట్టకింద అదనపు ట్యాంకు పెట్టాడు. అయినా పెట్రోలు చాలదు. పెట్రోలుకి ఎక్కువ చోటిస్తే అసలే లోతుగా దిగే బండి ఇంకా దిగిపోతుంది. దీనికి ఆయన కనిపెట్టిన ఉపాయం నాకు ఈ కథ మొత్తంలోకీ ఇష్టమైన ముక్క. పెట్రోలు నీళ్ళకంటే తేలిక. గట్టిగా మూసిన ట్యాంకు నిండా పెట్రోలు పోసి సముద్రంలో వేస్తే దానంతటదే తేలుతుంది. తేలేదాన్ని లోపల మోయడమెందుకు? తాడు కట్టి వెనక లాక్కుపోవచ్చు. అలా, పడవని లాగే అవసరమే లేని బండిని తయారుచేసుకున్న మనిషి, చివరికి ఆ బండి వెనకే ఒకదాన్ని కట్టి అట్లాంటిక్ మీద లాగించాల్సి వచ్చింది.

బండికి పెట్టిన పేరు ‘హాఫ్-సేఫ్’. చంకల కింద రాసుకునే ఒక డియోడరెంటు ప్రకటనలోంచి తీసుకున్నాడు. సగమే భద్రంగా ఉండకండి అని ఆ ప్రకటన చెప్పేది. సగం బండి, సగం పడవ, సగం భద్రం. మిగతా సగం భద్రత గురించి ఆయన భార్యని అడగాలి.

ఎలినోర్ అమెరికన్. యుద్ధంలో రెడ్‌క్రాస్ తరఫున ఇండియాలో పనిచేస్తున్నప్పుడు కార్లిన్‌కి పరిచయమైంది. 1948లో పెళ్ళి చేసుకున్నారు, అదే ఏడాది న్యూయార్క్ నుంచి బయల్దేరారు. వెనక్కి వచ్చేశారు. మళ్ళీ బయల్దేరారు. ఇంజను పొగ లోపలికి చేరి ఇద్దరూ దాదాపు చనిపోబోయారు ఒకసారి. ఇంకోసారి నడిసముద్రంలో బండి ఆగిపోయి ఎటూ కదలకుండా ఉంటే, దారినపోయే ఒక ఆయిల్ ఓడ చూసి కాపాడింది. ఏ జంటకైనా ఇక్కడితో సరదా తీరిపోవాలి. వీళ్ళు ఇంకో రెండేళ్ళు డబ్బు కూడబెట్టి, బండి సరిచేసుకుని, 1950 జులై 19న కెనడాలోని హాలిఫాక్స్ నుంచి మళ్ళీ సముద్రంలోకి దిగారు.

అజోర్స్ దీవుల్లో పడమటి కొసనున్న ఫ్లోరెస్ చేరడానికి 32 రోజులు పట్టింది. మ్యాపు మీద కొలిస్తే ఆ రెంటి మధ్యా నేరుగా 2,700 కిలోమీటర్లకి అటూఇటూగా వస్తుంది. భాగిస్తే గంటకి మూడున్నర కిలోమీటర్లు. సాయంత్రం పార్కులో పెద్దవాళ్ళ నడక ఇంతకంటే వేగంగా ఉంటుంది. అరవై హార్స్ పవర్ల జీపు ఇంజను పక్కనే మోగుతుంటుంది. పెట్రోలు వాసన. మొత్తం బండి పొడవు ఐదు మీటర్లకి అటూఇటూ, వెడల్పు చేతులు బారచాపితే సరిపోయేంత. ఒకరు స్టీరింగ్ పట్టుకుంటే ఇంకొకరు పడుకోవాలి. ఎలినోర్‌కి సముద్రం పడదు. వాంతులు. ఆ 32 రోజులూ ఆమె తన వంతు వచ్చినప్పుడల్లా స్టీరింగ్ దగ్గర కూర్చుంది.

అజోర్స్ నుంచి మదైరా. అక్కడినుంచి ఆఫ్రికా తీరానికి వెళ్తుండగా పెద్ద తుఫానులో చిక్కుకున్నారు. బతికి కేప్ జూబీ దగ్గర ఒడ్డుకి చేరారు. అక్కడ బండి చక్రాల మీద నిలబడి, ఏమీ జరగనట్టు సహారా అంచున మొరాకో వైపు నడిచింది. నాలుగు చక్రాలకీ బలం అందడం అక్కడి ఇసుకలో బాగా పనికొచ్చి ఉంటుంది. జిబ్రాల్టర్ దగ్గర జలసంధి దాటి, యూరప్ అంతా తిరిగి, 1951లో ఇంగ్లిష్ ఛానల్ కూడా దాటి ఇంగ్లండ్ చేరారు. అట్లాంటిక్ దాటిన కథ 1955లో పుస్తకంగా వచ్చింది. అట్ట మీద ఒక్క బెన్ కార్లిన్ పేరే ఉంది.

యాత్రాకథలు చదివేటప్పుడు నాకు ఎప్పుడూ వచ్చే అనుమానం ఇది. సాహసం ఎవరిది, దాని ఖర్చు ఎవరిది? కార్లిన్‌కి ఆ బండి కలైకుండాలో పట్టిన పంతం. ఇంజను తెలుసు, వెల్డింగ్ తెలుసు, ఏది విరిగినా చేతులకి పని ఉంటుంది. ఎలినోర్‌కి ఆ పంతంతో సంబంధం లేదు. ఆమె పెళ్ళి చేసుకున్నది మనిషిని. 901 డాలర్ల లెక్క అందరూ రాస్తారు. కడుపులో తిప్పుతున్నా రాత్రిపూట దిక్సూచి చూస్తూ ఆమె కూర్చున్న గంటల లెక్క ఎక్కడా కనిపించదు. ఇద్దరూ కలిసి దాటిన సముద్రాన్ని ‘కార్లిన్ దాటాడు’ అని ఏకవచనంలో రాయడం ఎంత తేలికో, ఈ వ్యాసంలో నా వాక్యాలు కొన్ని చూసినా తెలుస్తుంది.

1955లో ఇద్దరూ మళ్ళీ బయల్దేరారు. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా రోడ్డుదారిన ఇండియాలోకి వచ్చి కలకత్తా చేరారు. ఆలోచన పుట్టిన చోటికి బండి దాదాపు తిరిగొచ్చినట్టే, కలకత్తాకీ ఖరగ్‌పూర్‌కీ మధ్య రైల్లో రెండు గంటల దూరం. అక్కడినుంచి మళ్ళీ సముద్రం. ఎలినోర్ ఆ సముద్రం దాటలేదు. ఆ దారిలో ఆమె రాలేదు, పెళ్ళీ నిలవలేదు.

బర్మా వైపు బండి దిగినప్పుడు ఆమె చోట్లో బారీ హాన్లీ అనే ఆస్ట్రేలియన్ ఉన్నాడు. జపాన్ దాకా వచ్చి అతను దిగిపోయాడు. జపాన్ నుంచి అలాస్కా దాకా బోయె డి మెంటె అనే అమెరికన్ వచ్చాడు. ఆయన తర్వాత ఆ ప్రయాణం మీద సొంతంగా పుస్తకం రాశాడు, దాని పేరుకి ‘ఒకసారి మూర్ఖుణ్ణి’ అని అర్థం. జీతం కోసమో సరదా కోసమో ఎక్కినవాళ్ళకి ఆ స్వేచ్ఛ ఉంటుంది: దిగిపోవచ్చు, రాసుకోవచ్చు, తిట్టుకోవచ్చు.

1958 మే 13న బండి మాంట్రియల్ చేరింది. మొదటిసారి బయల్దేరిన పదేళ్ళకి చుట్టు పూర్తయింది. ఉభయచర వాహనంలో భూమిని చుట్టివచ్చిన మనిషిగా ఇప్పటికీ చెప్పుకునేది కార్లిన్ ఒక్కడినే. ఆయన 1981లో పెర్త్‌లో చనిపోయాడు. ప్రయాణం రెండో సగం మీద రాసుకున్నది 1989లో, చనిపోయిన ఎనిమిదేళ్ళకి, ఆయన చదువుకున్న గిల్డ్‌ఫర్డ్ గ్రామర్ స్కూల్ అచ్చువేసింది. బండి కూడా ఇప్పుడు ఆ బడి ఆవరణలోనే ఉంది. ఫోటోల్లో చూస్తే, అట్లాంటిక్ దాటిందని ఎవరైనా చెబితే గానీ నమ్మలేనంత చిన్నది. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మోచేతులు తగులుతాయి.