ఆవకాయ పూర్వకథ

మామిడికాయ టెంక కట్టు వేళకు మన యిండ్లలో జాడీలు కడిగి యెండలో ఆరబెట్టుదురు. ఆవకాయ అనాదిగా నేటి రూపముననే యున్నదని మనము తలచుచుందుము. కాని దాని యెఱ్ఱదనము అంత ప్రాచీనమైనది కాదు.

మిరప అమెరికా ఖండమున పుట్టిన మొక్క. 1492లో కొలంబస్ ఆ ప్రాంతములకు చేరెను. 1498లో వాస్కో డ గామా కళ్ళికోట రేవున దిగెను. తరువాత 16వ శతాబ్దిలో పోర్చుగీసు ఓడలపై మిరప మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మన వంటలకు ఘాటు నిచ్చినవి మిరియాలు, అల్లము, ఆవాలు. నేటికిని ఆ ఊరగాయ పేరులో ఆవ యున్నది గాని మిరప లేదు.

ఉప్పు కాయలోని నీటిని లాగివేయును. పైకి తేలిన నువ్వులనూనె గాలి సోకనీయదు. ఆవ క్రిములను పెరుగనీయదు. ఫ్రాన్సు దేశమున నికొలా అపేర్ ఆహారమును సీసాలలో నిలువచేయు పద్ధతిని 1810లో గ్రంథముగా ప్రకటించెను. ఆహారము చెడుటకు సూక్ష్మక్రిములు కారణమని పాశ్చర్ నిరూపించినది ఆ పిమ్మట అర్ధశతాబ్దికి. మన అమ్మమ్మలు శాస్త్రము చదువకయే, తడిచేయి తగులరాదని కట్టడి చేసిరి.

వారు క్రొత్త మిరపను ఆదరించిరి. పాత ఆవను విడువలేదు. అయితే వారి కొలత గుప్పెటలోనే యుండెను; కాగితమున కెక్కలేదు. ఆ చేయి మరుగైన నాడు ఆ రుచియు మరుగగును. రానున్న వేసవిలోనైనను అమ్మమ్మ గుప్పెడు ఎంతయో తూచి వ్రాసికొందము.