పక్కవాద్యం లేని కచేరి

విజయనగరం వాళ్లకి ఫిడేలు గురించి నేను చెప్పేదేముంది? ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దాన్ని పక్కవాద్యం స్థానం నుంచి లేపి, వేదిక మధ్యన కూర్చోబెట్టారు. ఇక్కడ చెక్ రాజధాని ప్రాగ్‌లో స్ట్రింగ్ క్వార్టెట్ అని ఒకటుంది. రెండు ఫిడేళ్లు, కాస్త పెద్దదీ గంభీరమైన గొంతుదీ వయోలా, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో. మృదంగం లేదు, తంబురా లేదు. నలుగురిలో ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కారు. ప్రభువుల ఇళ్లలో కొద్దిమంది కోసం పెరిగిన సంగీతం ఇది. గజపతుల కోట కచేరీల కథలు వింటూ పెరిగిన మనకు ఆ ఏర్పాటు కొత్తేమీ కాదు.

నాకు ఈ దేశ చరిత్ర పుస్తకాలకంటే ఈ కచేరీల్లోనే ఎక్కువ తెలిసింది. 1620లో ప్రాగ్ శివార్లలోని తెల్లకొండ మీద చెక్ ప్రభువులు ఓడిపోయారు. ఆ తర్వాత సుమారు మూడు వందల ఏళ్లు వియన్నా చక్రవర్తుల పెత్తనం. 1918 అక్టోబరు 28న చెకొస్లొవేకియా స్వతంత్రమైంది. మరుసటి ఏడు మన ఊళ్లో విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారికి అప్పగించారు. అదే 1919 డిసెంబరులో ఇక్కడ ప్షెరోవ్ అనే ఊళ్లో గిడియోన్ క్లైన్ అనే స్వరకర్త పుట్టాడు.

ఆ స్వాతంత్ర్యం నిలిచింది ఇరవై ఏళ్లే. కానీ ఆ ఇరవై ఏళ్ల సంగీతంలో ఎంత అల్లరి! బ్ర్నో నగరవాసి పావెల్ హాస్, స్వరకర్త యానాచెక్ శిష్యుడు, 1925లో ‘కోతికొండల నుంచి’ అని ఒక క్వార్టెట్ రాసి, చివరి భాగంలో తంత్రులతోపాటు డ్రమ్ములు కూడా మోగించాడు. పెద్దలు మొహం చిట్లించారు, ఆయన డ్రమ్ములు తీసేశాడు. తప్పెటగుళ్లు చూసి పెరిగినదాన్ని, ఆ పెద్దల బాధేమిటో నాకు ఇప్పటికీ బోధపడదు.

1938లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఈ దేశపు సరిహద్దు సీమను హిట్లర్‌కు రాసిచ్చేశాయి. చర్చల్లో చెక్ వాళ్లకు చోటే లేదు. మరుసటి మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చింది. ప్రాగ్‌కి ఉత్తరాన అరవై కిలోమీటర్లలో ఉన్న తెరెజీన్ అనే పాత కోట ఊరిని యూదులకు బందిఖానా చేశారు. హాస్, క్లైన్ ఇద్దరూ అక్కడే ఖైదీలు. ఆకలి, జబ్బులు, వాటి మధ్యనే కచేరీలు. 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ వాళ్లు వస్తున్నారని ఊరికి రంగులు పూశారు. తర్వాత ప్రచారం కోసం సినిమా తీశారు. అందులో తోటి ఖైదీ కారెల్ ఆంచెర్ల్ నడిపిస్తుండగా ఖైదీలు హాస్ రాసిన తంత్రీవాద్య రచన వాయిస్తారు. హాస్ లేచి వంగి నమస్కరిస్తాడు.

అక్టోబరు 16న హాస్, క్లైన్, ఆంచెర్ల్ ఆష్‌విట్జ్ మారణశిబిరానికి వెళ్లే రైలెక్కారు. అంతకు తొమ్మిది రోజుల ముందే క్లైన్ మూడు వాద్యాల కోసం ఒక ట్రయో పూర్తిచేశాడు. దాని నడిమి భాగం మొరావియా పల్లెపాట మీద అల్లినది. ఆ ముగ్గురిలో బతికి వచ్చింది ఆంచెర్ల్ ఒక్కడే.

1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది, ఈ సంగీతం చాలావరకు మూలపడింది. 1989లో ఆ ప్రభుత్వం పోయాక మళ్లీ జోరుగా వినిపించసాగింది. 2002లో ప్రాగ్‌లో నలుగురు యువ కళాకారులు తమ బృందానికి పావెల్ హాస్ క్వార్టెట్ అనే పేరు పెట్టుకున్నారు. ‘కోతికొండలు’ రికార్డు చేసినప్పుడు ఆ డ్రమ్ములను తిరిగి తెచ్చారు. రాసి ఎనభై ఏళ్లయినా వినేవాళ్లకి అది కొత్త సంగీతమే.

మన సంగీతం శిష్యుడి గొంతులో, వేళ్లలో బతుకుతుంది. గురువునీ శిష్యుణ్ణీ ఒకే రైలు ఎక్కిస్తే ఏం మిగులుతుంది? ఇక్కడ కాగితం మిగిలింది. క్లైన్ ట్రయో అలాగే అతని అక్కకు చేరింది. అయితే కాగితం కూడా పూర్తిగా కాపాడలేదు. యుద్ధం అయ్యాక ఆంచెర్ల్ తెరెజీన్‌కి తిరిగి వెళ్లి, ఆ సినిమాలో వాయించిన హాస్ రచన కాగితాలు వెతికి పట్టుకున్నాడు. డబుల్ బాస్ అనే పెద్ద తంత్రీవాద్యం పుటలు మాత్రం లేవు. వాటిని తర్వాత పూరించినవాడు లుబొమీర్ పెదుజ్జీ, హాస్ దగ్గర చదువుకున్న శిష్యుడు.