అక్షరముల లెక్క – పేకముక్క ఆచూకీ

పేకతో గారడి యనగానే మనవారికి చేతివాటము స్ఫురించును. కన్నుగప్పి ముక్కను మార్చుట, కట్ట అడుగునుండి లాగుట, అరచేత దాచుట – ఇవియే ఆ విద్యకు ప్రాణమని నమ్మిక. కాని చేతివాటముతో ఏమాత్రము పనిలేని గారడుల తెగ యొకటి కలదు. గారడివాడు ఒక ముక్క పేరును అక్షరము తర్వాత అక్షరముగా పలుకుచు, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క ముక్కను బల్లమీదికి దింపును. పేరు ముగియునప్పటికి ఆ పేరుగల ముక్కయే చేతికి వచ్చును. అక్కడ మోసపోవునది కన్ను కాదు. లెక్క చూచుకొనని మన బుద్ధి.

రేడియోకు ఇంతకంటె తగిన గారడి వేరొకటి లేదు. చూడనక్కరలేదు, వినిన చాలును. కనుక శ్రోతలు తొమ్మిది పేకముక్కలను దగ్గర నుంచుకొందురు గాక. వాటితో పని ఈ ప్రసంగము చివర కలుగును.

ఈ గారడులు ఇంగ్లీషు భాషలో పెరిగినవి. పెరుగుటకు ఆ భాషలోనే ఒక వింత యాదృచ్ఛికము తోడ్పడినది. ఆసు మొదలు రాజు వరకు గల పదుమూడు పేర్లను ఇంగ్లీషులో వ్రాసి అక్షరములను లెక్కించినచో, ఏస్ అనుటకు మూడు, త్రీ అనుటకు అయిదు, క్వీన్ అనుటకు అయిదు – ఈ విధముగా మొత్తము సరిగా 52 వచ్చును. కట్టలోని ముక్కలును 52 గదా! దీనిని ఎవరును సంకల్పించి చేసినది కాదు. ఇక జాతి పేరుకూడ చేర్చి, ‘ఏస్ ఆఫ్ క్లబ్స్’ అనునట్లు పూర్తిగా పలికినచో పదికి తక్కువగాను, పదునైదుకు ఎక్కువగాను అక్షరములు గల ముక్క కట్టమొత్తములో ఒకటియు ఉండదు. అనగా ఎదుటివాడు తలచిన ముక్క పదవ స్థానమునకును పదునైదవ స్థానమునకును నడుమ, తన లెక్కకు తగిన చోట ఉండునట్లు ముందుగా అమర్చినచో గారడి సగము పూర్తియైనట్లే.

ఇట్టి ఆటలు అచ్చట చెల్లుటకు నా దృష్టిలో మరియొక కారణము కూడ కలదు. ఇంగ్లీషువారికి వర్ణక్రమ మనునది బడిలో కష్టపడి నేర్చుకొను ప్రత్యేకవిద్య. పలుకుబడికి, వ్రాతకు పొత్తులేని భాష యగుటచేత, మాటను విడదీసి చెప్పుటయే ఒక పందెమైనది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ వర్ణక్రమ పుస్తకము 1783లో వెలువడినది. జాతీయస్థాయి వర్ణక్రమపు పోటీలు 1925లో ఆరంభమైనవి. ఇటీవలి దశాబ్దులలో ఆ పోటీలలో తెలుగు కుటుంబముల బిడ్డలు పలుమారులు గెలుపొందుట మనకు సంతోషము. మాటను అక్షరములుగా విప్పుట అందరికిని అలవాటైన చోటనే, ఆ విప్పుటపై ఆధారపడిన గారడికి ప్రేక్షకుడు దొరకును.

అక్షరములతో ముక్కను పట్టుటలో ఇంతకంటె పాతదగు మార్గము లాటిను వాక్యమొకటి. ‘మూతుస్ దెదిత్ నోమెన్ కోకిస్’ అని నాలుగు మాటలు. అర్థము తీయబోయినచో మూగవాడు వంటవారికి పేరు పెట్టెనను పిచ్చివాక్య మగును. ప్రొఫెసర్ హాఫ్‌మన్ అను మారుపేరుతో వ్రాసిన లండను న్యాయవాది ఏంజెలో లూయిస్ 1876లో ప్రకటించిన ‘మోడరన్ మాజిక్’ గ్రంథమున ఈ ఆటను వివరించెను. నాలుగు మాటలకును అయిదేసి అక్షరములు. మొత్తము ఇరువదింటిలో పది అక్షరములు రెండేసి మారులు వచ్చును. ఇరువది ముక్కలను పది జంటలుగా పరచి, ఒక జంటను తలచుకొమ్మందురు. పిదప ఆ మాటలను మనస్సులో నుంచుకొని, ప్రతి జంటను ఒకే అక్షరముగల రెండు చోటులందు పెట్టి నాలుగు వరుసలు చేయుదురు. తలచిన జంట ఏ వరుసలలో నున్నదో చెప్పగానే, ఆ వరుసలకు చెందిన అక్షర మొకటియే గనుక ముక్కలు తెలిసిపోవును.

దీనిని తెలుగున చేయరాదా? గుణింతమును విడిచి హల్లును మాత్రము గణించినచో చేయవచ్చును. కటపయాది సంఖ్యలో మన పెద్దలు చేసినదియు అట్టిదే. పండ్రెండు ముక్కలకు సరిపడునట్లు నేను కూర్చుకొన్న మాటలివి: కావలిలో, తాతవాడ, మామిడాకు. మొదటి వరుసలో ‘ల’ రెండుమారులు, రెండవదానిలో ‘త’, మూడవదానిలో ‘మ’. ‘వ’ మొదటి రెండింటికిని, ‘డ’ చివరి రెండింటికిని, ‘క’ మొదటిదానికిని మూడవదానికిని ఉమ్మడి. తలచిన జంట మొదటి వరుసలో ఒకటి, మూడవ వరుసలో ఒకటి యున్నదనిన అది ‘క’ జంట; రెండును మొదటి వరుసలోనే యున్నవనిన ‘ల’ జంట. ఇరువది ముక్కలకు తెలుగు మాటలు కూర్చుట కష్టతరము. అవధానులెవరైన పూనుకొనిన బాగుండును.

అవధానము మాట వచ్చినది గనుక ఒక్క విషయము. అక్షరములను చెల్లాచెదరు చేసి మరల కూర్చు విద్య మనకు కొత్త కాదు. అష్టావధానములో వ్యస్తాక్షరి యను అంశమున్నది. పృచ్ఛకుడు ఒక వాక్యములోని అక్షరములకు వరుస సంఖ్యలు వేసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క చీటిపై వ్రాసి, పద్యపూరణల నడుమ వరుస తప్పించి అందించును. పదునొకండవది ‘ర’, నాలుగవది ‘చ’ – ఈ తీరున. చివరకు అవధాని వాక్యమంతయు క్రమముగా చదివి వినిపించును. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారలును, కొప్పరపు సోదరకవులును ఊరూర సభలు చేసి అవధానమును జనసామాన్యమునకు ప్రీతిపాత్రము కావించిరి. గారడివాడు మాటనుండి ముక్కకు పోవును. అవధాని చీటీలనుండి మాటకు వచ్చును. లెక్కకు పనికివచ్చు ప్రమాణము మాత్రము ఇద్దరికిని అక్షరమే. ఒకరిది యుక్తి, ఒకరిది ధారణ. రెంటిని ఒక త్రాసున తూచుట న్యాయము కాదు.

ఇక మన పేకకు వత్తము. మన దేశమున మొదట ఆడినవి గుండ్రని గంజీఫా ముక్కలు. బాబరు 1527లో సింధుదేశపు షా హసనుకు గంజీఫా పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. మొగలాయి గంజీఫాకు 96 ముక్కలు, దశావతార గంజీఫాకు 120. తెలంగాణమున నిర్మల చిత్రకారులు వీటిని రంగులతో తీర్చిరి. నాలుగు జాతుల 52 ముక్కల కట్ట మాత్రము సముద్రముమీద వచ్చినది. ఆ జాడ పేర్లలోనే యున్నది. ఉత్తరాదివారు హుకుం, చిడీ, పాన్, ఈంట్ అందురు. మనము వాటిని తీసికొనలేదు. మనకు ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను. డచ్చిభాషలో కళావరును క్లావర్ అనియు, ఆఠీనును హార్టెన్ అనియు అందురు. డచ్చివారు 1606 నాటికే మచిలీపట్నమునను నిజాంపట్నమునను వర్తకస్థానములు పెట్టి, 19వ శతాబ్ది తొలిపాదము వరకు మన తీరమున నిలిచిరి. ఓడసరంగులు, గిడ్డంగి గుమాస్తాలు విరామవేళల ఆడిన ఆట మన ఊళ్లకు ప్రాకియుండునని ఊహించుట అసంగతము కాదు. ఇస్పేటు మాత్రము పోర్చుగీసువారి ఎస్పాదకును, ఇంగ్లీషువారి స్పేడుకును చుట్టము.

ఈ పరభాషాపదములను తెలుగు నోరు ఎట్లు మలచుకొన్నదో గమనింపుడు. క్లా అను జంట విడిపోయి ‘కళా’ అయినది. మాటకు ముందు ‘స్పే’ నిలువలేక ‘ఇ’ని తోడు తెచ్చుకొన్నది. అన్నియు ఉకారముతో ముగిసినవి. ఫలితముగా ఇస్పేటు, ఆఠీను, డైమను మూడేసి అక్షరములు; కళావరు నాలుగు. అంకెల పేర్లలో ఆసు, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు, పది, జాకీ, రాణి, రాజు – ఈ పదింటికి రెండేసి; నాలుగు, తొమ్మిది అను వాటికి మూడేసి; ఎనిమిదికి నాలుగు. పదుమూడును కూడిన 30 మాత్రమే. ఇంగ్లీషున వచ్చిన 52 మనకు రాలేదు.

పూర్తి పేరు పలికినచో 52 ముక్కలలో 30 ముక్కలకు అయిదే అక్షరములు. 16 ముక్కలకు ఆరు, 5 ముక్కలకు ఏడు. ఎనిమిది అక్షరములది ఒక్కటే, కళావరు ఎనిమిది! తలచిన ముక్కను అయిదవచోట పెట్టి ఊరకున్నను సగముకంటె ఎక్కువ మారులు గారడి ఫలించును. అందువలననే అది రక్తి కట్టదు. రెండుమారులు చూచిన పిల్లవాడు మూడవమారు తానే అయిదవ ముక్కను తీసి చూపును. ఇంగ్లీషు గారడిని అట్లే తెచ్చి తెలుగు పేర్లు తగిలించుట వలన ప్రయోజనము లేదు. తెలుగు అక్షరమునకు తగిన నడక వేరుగా కట్టవలెను.

20వ శతాబ్ది చివరి భాగమున అమెరికా దేశస్థుడు జిమ్ స్టైన్‌మెయర్ తొమ్మిది ముక్కలతో ఒక గారడి కల్పించెను. ఎదుటివాని ముక్క ఏదో గారడివానికి తెలియనక్కరలేదు. దూరమునుండి చెప్పిన చాలును. ఆ యుక్తిని పట్టుకొని, మన ఊరి పేర్లతో దారి వేసితిని. దర్శిసీమలోని ముండ్లమూరునుండి, పలకలకు పేరొందిన మార్కాపురము మీదుగా, ఎర్రగొండపాలెమునకు ప్రయాణము. తెలుగుబిడ్డలెందరో ఓనమాలు దిద్దినది ఆ మార్కాపురపు పలకలమీదనే గనుక, అక్షరములాటకు ఆ దారి తగినదే.

శ్రోతలు తమ తొమ్మిది ముక్కలను కలిపి, మూడేసి చొప్పున మూడు కుప్పలు బోర్లించి పెట్టుడు. ఒక కుప్పనెత్తి, దాని అడుగుముక్కను చూచి గుర్తుంచుకొనుడు. ఆ కుప్పను మిగిలినవానిలో ఒకదానిమీదను, మూడవదానిని దానిమీదను పెట్టి, తొమ్మిదింటిని చేత బట్టుడు. ఇక నియమ మొక్కటే. పలికిన ప్రతి అక్షరమునకు పైముక్క నొకదానిని బల్లపై ఒకదానిమీద నొకటిగా దింపుడు. మాట ముగియగానే చేత మిగిలినవానిని ఆ కుప్పమీద ఉంచి, అన్నిటిని మరల చేతికి తీసికొనుడు.

మొదట ముం–డ్ల–మూ–రు అనుడు. పిమ్మట మీ ముక్క అంకె పేరు, లేక రాజు, రాణి, జాకీ, ఆసు – ఏదైన అది పలుకుడు. పిమ్మట మా–ర్కా–పు–ర–ము. పిమ్మట మీ ముక్క జాతి పేరు. కడపట ఎ–ర్ర–గొం–డ–పా–లె–ము. చివరి ‘ము’తో దింపిన ముక్కను తిప్పి చూడుడు.

ఇందులో మాయ లేదు. మీరు చూచిన ముక్క మొదట పైనుండి ఆరవది. నాలుగక్షరముల ముండ్లమూరు దానిని రెండవస్థానమునకు తెచ్చును. అంకె పేరు రెండక్షరములైనను నాలుగైనను, రెండవ ముక్క బల్లమీది కుప్పలో అడుగునుండి రెండవది కాక తప్పదు. మిగిలినవన్నియు దానిపైకి వచ్చును గనుక అది ఎప్పుడును ఎనిమిదవదే. మార్కాపురము దానిని మూడవచోటికి దించును. జాతి పేరు మూడైనను నాలుగైనను అదే న్యాయమున అది ఏడవ దగును. ఎర్రగొండపాలెమునకు అక్షరములు ఏడు.

ఇంగ్లీషు లిపిలో ఈ దారి మొదటి అడుగుననే ఆగును. ముండ్లమూరును ఆ లిపిలో వ్రాయుటకు పది అక్షరములు కావలెను; చేతనున్నవి తొమ్మిది ముక్కలు. తెలుగునకూడ ఒకటి రెండు జాగ్రత్తలు కావలెను. మార్కాపురం అని సున్నతో ముగించిన అక్షరములు నాలుగే యగును; ‘ము’ వదలరాదు. రాజునకు బదులు కింగు, రాణికి బదులు క్వీను అన్నను బాధ లేదు, వానికిని రెండేసియే. డైమండు అన్నను మూడే. కాని ఇస్పేటును స్పేడనియు, ఆఠీనును హార్టనియు, కళావరును క్లబ్బనియు పలికినచో రెండక్షరములే యగును. అప్పుడు మీ ముక్క ఏడవచోటికి పోక కట్టపైకి వచ్చి కూర్చుండును. ఎర్రగొండపాలెము మొదటి అక్షరముతోనే బల్లమీదికి జారిపోవును.