చెరలో గడచిన 41 నెలల జీతము
(డచ్చి ఇండీస్ ఉద్యోగుల బకాయి చరిత్ర)

మచిలీపట్టణములో వలందపాలెమను పేట నేటికిని గలదు. వలందులనగా హాలండు దేశీయులు, అనగా డచ్చివారు. వారు 1605లో ఆ రేవున వర్తకస్థానము నెలకొల్పిరి. పిదప పులికాటున కోట గట్టిరి. తెలుగుతీరపు నేతబట్టలను జావా మొదలగు ద్వీపములకు గొనిపోయి, అచట సుగంధద్రవ్యములకు మారకము వేసిరి. 1825లో వారు ఈ తీరమును ఆంగ్లేయులకు వదలి పోయిరి. జావా, సుమత్రా ద్వీపములందు మాత్రము వారి యధికారము రెండవ ప్రపంచయుద్ధము వరకు నిలిచెను. ఆ యధికారము కూలిన దినమున దాని యుద్యోగులకు రావలసిన జీతము నెవరీయవలెనను వివాదము పుట్టి, 70 ఏండ్లు నలిగెను. ప్రభుత్వము చేతులు మారినపుడు పాత ప్రభుత్వపు బాకీ ఎవరి తలపై బడును? ఒక దొరతనమునుండి వేరొక దొరతనమునకు మారిన యానాం వంటి యూళ్ల ప్రజలకు ఈ ప్రశ్న పరాయిది కాదు. కావున దాని చరిత్ర విచారింపదగి యున్నది.

1942 మార్చి 1వ తేదీన జపాను సేనలు జావాలో దిగెను. పదిదినములైన గడువకముందే డచ్చి సైన్యము లొంగిపోయెను. గవర్నరు జనరలు మొదలు సామాన్య గుమాస్తా వరకు వేలకొలది యుద్యోగులు చెరబడిరి. జిల్లాధికారులు, ఉపాధ్యాయులు, తపాలా, రైల్వే శాఖలవారు అందులో నుండిరి. నిర్బంధ శిబిరములలో బెట్టబడిన పౌరులు స్త్రీలు, పిల్లలతో గూడి సుమారు లక్షమంది. యుద్ధఖైదీలైన సైనికులు సుమారు 42,000 మంది. మగవారి నొకచోట, స్త్రీలను పిల్లలను వేరొకచోట నుంచిరి. శిబిరములలోని తల్లులు మెడలోని బంగారమును, మంచి బట్టలను రహస్యముగా కంచె యవతలివారి కమ్మి, పిల్లలకు తిండి సంపాదించిరి. ఆకలిచేతను రోగములచేతను పదివేలకు మించిన పౌరులు శిబిరములలోనే కన్నుమూసిరి. 1945 ఆగస్టు 15న జపాను లొంగిపోవుట ప్రకటింపబడెను. 1942 మార్చి మొదలు అప్పటివరకు లెక్కించిన, జీతము లేక గడచిన కాలము 41 నెలలు.

బ్రతికి బయటపడిన యుద్యోగి మొదట నడిగినది ఆ జీతమునే. అతని వాదము సులభగ్రాహ్యము. అతనిని కొలువునుండి తొలగించిన యుత్తరువు లేదు. అతడు రాజీనామా యిచ్చినవాడు కాడు, సెలవు పెట్టినవాడు కాడు. పని చేయకపోవుటకు కారణము శత్రువు చెరయే కాని అతని యనిచ్ఛ కాదు. కొలువు తెగనిదే జీతమును తెగదు. పైగా చెరనుండి వచ్చినవాడు ఇల్లు, సామాను, దాచిన సొమ్ము సమస్తమును పోగొట్టుకొని వచ్చినాడు. ఆ 41 నెలల జీతమే అతనికి మిగిలిన ఆస్తి.

బటేవియాలోని ప్రభుత్వము చెప్పిన సమాధానమును త్రోసివేయదగినది కాదు. ఖజానా శూన్యముగా నుండెను. 1945 ఆగస్టు 17న సుకర్ణో, హట్టాలు ఇండొనీషియా స్వాతంత్ర్యమును ప్రకటింపగా, దేశమంతట పోరాటము చెలరేగెను. యుద్ధములో నష్టపడినవారు ఉద్యోగులు మాత్రమే కారు. అందరి నష్టమును తీర్చు శక్తి లేనపుడు కొందరికి పూర్తి జీతమిచ్చుట న్యాయము కాదని ఆ ప్రభుత్వము తలచెను. పునరావాసము పేర కొలదిపాటి సాయమిచ్చి, పూర్తి బకాయిని నిరాకరించెను.

ఈ నిరాకరణము గుండెకు గ్రుచ్చుకొన్నది పక్కవానితో పోల్చి చూచుకొన్నప్పుడే. డచ్చి రాజ్యపు నౌకాదళము వారును అవే శిబిరములలో చెరయుండిరి. అదే గంజి త్రాగిరి. వారి యజమాని హేగ్ నగరములోని ప్రభుత్వము గనుక వారికి చెరకాలపు జీతము ముట్టెను. వలససైన్యమునకును వలసప్రభుత్వపు కొలువునకును చెందినవారికి ముట్టలేదు. పతాక మొక్కటే, రాణి యొక్కతే, చెర యొక్కటే. జీతమిచ్చు ఖజానా మాత్రము వేరు. ఆ యొక్క భేదమే వేల కుటుంబముల తలవ్రాతను నిర్ణయించెను.

తరువాతి మార్పు చిక్కును మరింత బిగించెను. 1949లో హేగ్ నగరమున జరిగిన రౌండ్ టేబిల్ సమావేశపు నిర్ణయముల ప్రకారము, ఆ యేడు డిసెంబరు 27న సార్వభౌమాధికారము ఇండొనీషియాకు సంక్రమించెను. పాత వలసప్రభుత్వపు హక్కులతోపాటు ఋణములును క్రొత్త రాజ్యమునకే చెందినవని డచ్చి ప్రభుత్వము వాదించెను. తమ్ము పాలించినవారి యుద్యోగులకు, తాము పాలింపని కాలపు జీతము తామేల యీయవలెనని ఇండొనీషియా భావించెను. 1956లో ఆ దేశము రౌండ్ టేబిల్ ఒడంబడికలనే రద్దుచేసెను. ఈవలి యొడ్డున నడిగిన ఆవలి యొడ్డును, ఆవలి నడిగిన ఈవలిని చూపుట యాయెను. నడుమ నున్న యుద్యోగి ముసలివాడగుచుండెను.

అటుపిమ్మట కొంత సొమ్ము రాకపోలేదు. 1956లో కుదిరిన యొప్పందముననుసరించి జపాను ప్రభుత్వము డచ్చి పౌరఖైదీల బాధలకు సానుభూతిగా కోటి డాలర్లిచ్చెను. 1981లో డచ్చి ప్రభుత్వము చట్టము చేసి, అర్హులకు ఒక్కమారు 7,500 గిల్డర్లు మంజూరు చేసెను. 2000 సంవత్సరము తరువాత మరికొంత సొమ్ము సద్భావసూచకముగా నొసగెను. ఇవి యన్నియు కానుకలే. దేనిని గూడ జీతమని పిలువలేదు. దానము పుచ్చుకొన్నవాడు కృతజ్ఞుడు కావలెను. బాకీ వసూలు చేసికొన్నవాడు తలయెత్తి నిలువవచ్చును. వృద్ధులు కోరినది ఈ రెండవదియే.

ఎట్టకేలకు 2015 నవంబరులో డచ్చి మంత్రి మార్టిన్ ఫాన్ రేయిన్ బకాయి జీతము పేరనే ఒక పరిష్కారమును ప్రకటించెను. ఒక్కొక్కరికి 25,000 యూరోలు. అయితే ఆ యేడు ఆగస్టు 15న జీవించియున్న యుద్యోగులకును సైనికులకును మాత్రమే. అట్టివారు సుమారు 1,100 మంది యని అప్పటి యంచనా. 1942లో ఇరువదియేండ్ల పడుచువాడు ఆనాటికి 93 ఏండ్ల వృద్ధుడు. ముందే మరణించినవారి భార్యలకును బిడ్డలకును చిల్లిగవ్వయు లేదు. శిబిరములో బంగారమమ్మి పిల్లలను బ్రతికించిన తల్లి, భర్త పేరనున్న బాకీకి వారసురాలు కాలేకపోయెను. బాకీని ఒప్పుకొనుటకు బాకీదారులు తరుగువరకు ఆగిన ప్రభుత్వమను నింద ఇందువలననే కలిగినది.

దీనికి భిన్నమైన మార్గమును యానాం ప్రజలు ఎరుగుదురు. ఫ్రెంచి స్థావరముల పాలన 1954 నవంబరు 1న భారతప్రభుత్వమునకు సంక్రమించినపుడు, స్థానికోద్యోగులను కొలువులోనికి తీసికొనుటకు ముందుగనే ఒడంబడిక యుండెను. 1956 మే 28నాటి సంధిలో, ఆ స్థావరములను బంధించు ఫ్రెంచిపాలన చర్యలవలన నేర్పడిన హక్కులకును బాధ్యతలకును భారతప్రభుత్వమే ఉత్తరాధికారియని స్పష్టముగా వ్రాయబడెను. ఆ సంధి 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చెను. శాంతికాలపు మార్పిడికిని యుద్ధానంతరపు మార్పిడికిని భేదము గలదన్నది నిజమే. అయినను బాకీ ఎవరిదో కాగితముపై ముందే వ్రాసికొన్నచోట గుమాస్తా కుటుంబము వీధిని బడదని మాత్రము ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన జూచినవారికి తెలియును.

ఇంకొక మాట మరువరాదు. డచ్చి ఖైదీలు చాకిరి చేసిన సయాం–బర్మా రైలుమార్గముమీదనే, మలయా రబ్బరుతోటలనుండి తరలింపబడిన తమిళ, తెలుగు కూలీలును వేలకొలది ప్రాణములు విడిచిరి. నియామకపు టుత్తరువు గల యుద్యోగికే తన జీతమునకై 70 ఏండ్లు పట్టెను. ఏ ఉత్తరువును లేని ఆ కూలివాని కష్టము ఈ పరిష్కారములలో దేనియందును చేరలేదు. వలస పోయిన తెలుగువారి చరిత్ర వ్రాయుచు, ఆ చెల్లని పద్దును కూడ లెక్కలో వ్రాసియుంచుట ఉచితము.